క్యాలెండర్‌లో పెన్సిల్ చుక్కలు

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు మీ చిట్టితల్లి ఏడుపే. వెనకాల చెల్లెమ్మ "ఒక్క ముద్ద, ఇదే ఆఖరు" అని బతిమాలడం, నువ్వు కార్టూన్ పెట్టడం... ఒక్క క్షణం మా ఇల్లే అనుకున్నా. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మావాడికి ఏడాదిన్నర దాటాక మొదలైంది ఈ గోల. అంతకుముందు గుమ్మడికాయ, సొరకాయ ఏది మెదిపి పెట్టినా లాగించేవాడు. ఉన్నట్టుండి పెరుగన్నం, ముద్దపప్పు, దోశ, అంతే. కొత్తిమీర ఆకు కనపడినా నాలుకతో బయటికి తోసేసేవాడు. మా అమ్మ దిష్టి తీసింది. మా అత్తయ్య వీడియో కాల్‌లోనే "బిడ్డ చిక్కిపోయాడు" అని తేల్చేసింది.

నేను తెలివికి పోయి బీట్‌రూట్ మిక్సీ పట్టి దోశపిండిలో కలిపేశా. రంగు చూసి మురిసిపోతూ రెండు తిన్నాడు. మర్నాడు పొద్దున డైపర్ విప్పితే ఎర్రగా ఉంది! రక్తమనుకుని మా ఆవిడ ఒకటే ఏడుపు. నేను చొక్కా తిరగేసి తొడుక్కుని పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తా. ఆవిడ తాపీగా "నిన్న బీట్‌రూట్ పెట్టారా?" అన్నారు. పరువు పోయిందిరా.

పోతే పోయింది, వెళ్లినందుకు మంచే జరిగింది. ఆవిడ వాడి బరువు లెక్క చూపించారు. మూడు కిలోలతో పుట్టినవాడు మొదటి ఏడాదికే తొమ్మిది దాటాడు, అంటే మూడింతలు. రెండో ఏడాది మొత్తం కలిపి రెండు, రెండున్నర కిలోలు పెరిగితే చాలట. ఒళ్లు పెరగడం నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. మనమేమో పాత లెక్కనే కుక్కుతున్నాం. పైగా పాలు! మావాడు రోజుకి లీటరు దాకా లాగించేవాడు. అర లీటరు దాటనివ్వొద్దన్నారు. పొట్టంతా పాలే ఉంటే కూర మీదికి మనసెలా పోతుంది? ఐరన్ కూడా తగ్గుతుందట. మీ పిల్లకి ఎన్ని పాలు పడుతున్నారో ఓసారి కొలిచి చూడు. బరువు పెరగకపోతే మాత్రం నా ఉత్తరం పక్కన పడేసి డాక్టర్‌కి చూపించు.

ఇంకో మాట కూడా ఆవిడే చెప్పారు. ఈ వయసులో కొత్త తిండంటే బెదరడం మామూలేనట. చేదు మనకన్నా వాళ్ల నాలుకకే ఎక్కువ తెలుస్తుంది. ఒక కూర అలవాటు కావాలంటే ఎనిమిది పది సార్లు, ఒక్కోసారి పదిహేను సార్లు రుచి చూడాల్సి వస్తుందట. మనమేమో మూడోసారికే "మావాడికి పడదు" అని ముద్ర వేసేస్తాం.

సరే, బెండకాయతో మొదలుపెట్టా. ఆదివారం వాణ్ని చంకనేసుకుని మెహిదీపట్నం రైతు బజార్‌కి వెళ్లా. లేతవో ముదురువో తెలియడానికి కొసలు విరుస్తాం కదా, ఆ పని వాడికప్పజెప్పా. టిక్‌మని విరిగినప్పుడల్లా కిలకిలా నవ్వడం! కూరగాయలామె రెండు కాయలదాకా ఊరుకుని, మూడోదానికి "కొంటవా, ఇరుస్తనే ఉంటవా?" అని కసిరింది. అరకిలో కొన్నా.

వేపుడులో కిటుకు ఒకటే, జిగట ఉండకూడదు. కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, అప్పుడు తరగాలి. మూత పెట్టొద్దు, ఉప్పు చివర్లో వెయ్యి. కారం చల్లేముందే వాడి వాటా తీసేస్తా. పప్పన్నం పక్కన మూడంటే మూడు ముక్కలు పెట్టి, ఇక నోరు మూసుకుంటా. తినమనను. "తింటే చాక్లెట్ ఇస్తా" అసలే అనను. అలా అన్నామంటే బెండకాయ శిక్షని మనమే నేర్పినట్టు కదా.

నోరు మూసుకోవడమే కష్టంరా. మొదటిరోజు ముక్కల్ని కిందపడేశాడు. నాలుగో రోజు వేలికి ఉంగరంలా తొడిగాడు. ఏడో రోజు నాకి మొహం వికారంగా పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ క్యాలెండర్‌లో పెన్సిల్‌తో చుక్క పెట్టా. పదకొండో చుక్కనాడు, నేను ఆఫీసు ఫోన్‌లో ఉండగా, మూడు ముక్కలూ తినేసి నా కంచంలోకి చెయ్యి పెట్టాడు.

అన్నట్టు ఇంకోటి, కోప్పడకు. హాస్టల్ మెస్సులో దొండకాయ ముక్కలన్నీ ఏరి నా కంచంలో పడేసింది ఎవరు? చిట్టితల్లి నీ కంచం కూడా చూస్తోంది మరి. నేనూ వాడి కోసం వంకాయతో రాజీపడ్డా. కాకరకాయ మాత్రం నావల్ల కాదు, వాడికీ పెట్టట్లేదు.

క్యారెట్ పచ్చి ముక్కలు మాత్రం చేతికివ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. మెత్తగా ఉడికించి పెట్టండి.

బెండకాయ విషయంలో గెలిచానని మరీ పొంగిపోకు. గోరుచిక్కుడు పీచని ఇప్పటికీ ఉమ్మేస్తాడు. బీరకాయ నిన్న నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, తీసి జాగ్రత్తగా నా అరచేతిలో పెట్టాడు. ఆరో చుక్క పెట్టా.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. సంక్రాంతికి వస్తున్నారా లేదా?

నీ
దొండకాయల బాధితుడు