మంత్రి గారూ, ‘ఉడికించి తినండి, ఏం కాదు’ అంటే సరిపోదు

రాష్ట్ర వ్యవసాయ, పశుసంవర్ధక శాఖ మంత్రి కింజరాపు అచ్చెన్నాయుడు గారికి నమస్కారాలు.

తణుకులో నాది చిన్న కర్రీ పాయింట్. పప్పు, వేపుడు, పులుసు ఎన్ని ఉన్నా మా గల్లాపెట్టె నిండేది చికెన్ కూరతో, కోడిగుడ్ల పులుసుతోనే. 2025 ఫిబ్రవరి రెండో వారంలో మా మండలంలోని వేల్పూరులో, పక్కన పెరవలి మండలం కానూరులో కోళ్లకు సోకింది బర్డ్ ఫ్లూయేనని భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబ్ తేల్చింది. ఆ మధ్యాహ్నం మా చికెన్ గిన్నె నింపింది నింపినట్టే ఉండిపోయింది.

డబ్బు నష్టం గురించి రాయడం లేదు. రోజూ తన ఇద్దరు పిల్లల కోసం గుడ్ల పులుసు పట్టుకెళ్లే ఒక టీచర్ గారు ఆ రోజు వచ్చి, “అమ్మా, ఇవి ఎక్కడి గుడ్లు?” అని అడిగారు. నాకు తెలియదు. నాకు గుడ్లు వేసే కుర్రాడిని అడిగాను, అతనికీ తెలియదు. ఆవిడ పప్పు కట్టించుకుని వెళ్లిపోయారు. ఆవిడ భయంలో నాకు తప్పేమీ కనబడలేదు. సమాధానం లేని చోట ఏ తల్లయినా అదే చేస్తుంది.

ఆ రోజుల్లో చాలాచోట్ల చికెన్ మేళాలు పెట్టి వేపుడు, ఉడికించిన గుడ్లు ఉచితంగా పంచారు. జనం బాగానే వచ్చారు. 2020లో కోడి తింటే కరోనా వస్తుందని పుకారు లేచినప్పుడు హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీదే చికెన్ తిని చూపించారు. అప్పుడు అది పుకారు కాబట్టి ఆ పని సరైనదే. 2025లో మాత్రం జబ్బు నిజంగానే వచ్చింది, మా ఊరి పక్కనే వచ్చింది. చచ్చిన కోళ్లను కాలువ గట్ల మీద పడేస్తున్నారన్న మాట ఊరంతా తిరుగుతుంటే, ఎవరో వేదిక మీద తిన్నారని ఇంట్లో పొయ్యి మీద చికెన్ పెట్టుకోలేం కదా.

బాగా ఉడికిన మాంసంతో ప్రమాదం లేదన్నది నిజమే. లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఈ వైరస్ బతకదు. మా గోదావరి జిల్లాల్లో కూర వండే తీరుకి అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది. కానీ ప్రమాదం వండే ముందు ఉంది. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఇదే వైరస్‌తో చనిపోయింది. కూర కోసం తెచ్చిన మాంసంలోని పచ్చి ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో చదివాను. అది చదివిన రోజు నాకు పని చేయబుద్ధి కాలేదు. మా వంటింట్లోనూ చికెన్ కడిగేటప్పుడు మనవరాలు పక్కనే ఆడుకుంటూ ఉంటుంది.

‘తినండి’ అని చెప్పిన ప్రతిసారీ ఇవి కూడా చెప్పించండి. పచ్చి మాంసం దగ్గరికి పిల్లల్ని రానివ్వొద్దు. కోసిన కత్తి, చెక్క, చేతులు సబ్బుతో కడగాలి. సొన గట్టిపడేదాకా గుడ్డు ఉడకాలి, కొన్నాళ్లు హాఫ్ బాయిల్ మానుకోవాలి. ఆ నెలలో నాటుకోడి అయితే పర్వాలేదా అని అడిగినవాళ్లు నా దగ్గరికే ఎంతోమంది వచ్చారు. పెరట్లో, చెరువు గట్ల మీద తిరిగే కోడికి కూడా ఇది సోకుతుందని వాళ్లకెవరూ చెప్పలేదు. చికెన్ కొట్లో పొద్దుటి నుంచి ఈకలు పీకే కుర్రాళ్లకి చేతి తొడుగులు కూడా ఉండవు. అందరికంటే ముందు జాగ్రత్త చెప్పాల్సింది వాళ్లకే.

ఇంకో మాట, ఇది రైతుల గురించి. మా దగ్గర భోజనం పట్టుకెళ్లేవాళ్లలో గుడ్ల కోసం కోళ్లను పెంచే లేయర్ ఫారాల్లో పనిచేసేవాళ్లున్నారు. అధికారులు వచ్చి చంపించిన కోళ్లకే పరిహారం, అంతకుముందే రోగంతో చచ్చినవాటికి రాదు. అలాంటప్పుడు షెడ్డులో కోళ్లు రాలడం మొదలైన రోజే ఫోన్ చేసే ధైర్యం రైతుకి ఎలా వస్తుంది? నాలుగు రోజులు చూద్దాం అనుకుంటాడు, ఈలోగా మిగిలినవి అమ్మేద్దాం అనుకునేవాడూ ఉంటాడు. ఆ నాలుగు రోజులే కొనేవాళ్లకి టెన్షన్. కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించే ఈ పరిహారంలో, వెంటనే చెప్పిన రైతుకి చచ్చిన కోళ్లకూ ఎంతో కొంత వచ్చేలా మీరు ఢిల్లీతో మాట్లాడండి. రైతు దాచడని నమ్మకం కుదిరితే మేమూ నమ్మి కొంటాం.

శాంపిల్స్ భోపాల్ వెళ్లి ఫలితం వచ్చేలోపు వాట్సాప్‌లో ఏదిబడితే అది నడుస్తుంది. ఆ రోజుల్లో రోజూ సాయంత్రం జిల్లా నుంచి ఒక ప్రకటన ఇప్పించండి. ఏ ఊళ్లో అనుమానం ఉంది, ఎన్ని కోళ్లు చచ్చాయి, వాటిని ఎక్కడ పూడ్చారు, జబ్బు వచ్చిన ఫారానికి కిలోమీటరు లోపల ఏం మూయించారు, నిఘా పెట్టే పది కిలోమీటర్ల పరిధిలో ఏ ఊళ్లు వస్తాయి, ఇవన్నీ అందులో ఉండాలి. తెలియనిది ఉంటే ‘ఇంకా తెలియలేదు’ అని రాసినా చాలు. గుడ్ల అట్టల మీద ఫారం ఉన్న మండలం పేరు వేయించినా నాలాంటివాళ్లకి పెద్ద సాయం.

బడి భోజనంలో, అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్డే బలం. బర్డ్ ఫ్లూ అనగానే అమ్మలు ముందు ఆ గుడ్డే వద్దంటారు. చలికాలం వస్తే కొల్లేరుకి వలస పక్షులు వస్తాయి. ఆలోపే ఈ జాగ్రత్తలు తెలుగులో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ప్రతి చికెన్ కొట్టుకి, గుడ్ల కొట్టుకి, మాలాంటి కర్రీ పాయింట్లకి పంపించండి. కౌంటర్ పక్కన గోడ మీద దానికి చోటు ఉంచుతాను.

ఇట్లు,
కర్రీ పాయింట్ నడుపుకునే ఒక గృహిణి,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా