చిన్నా, ఆ లాప్‌టాప్‌లు కిలోల లెక్కన ఇవ్వకు

సికింద్రాబాద్

చిరంజీవి చిన్నాకు,

అమ్మ దీవెనలు. మీ బెంగళూరు ఆఫీసు పక్కన పెట్టేసిన పాత సామాను ఫొటోలు నువ్వు పంపినవి నిన్న రాత్రి మన పాత కంప్యూటర్ల షాపు మూసి వచ్చాక తీరిగ్గా చూశాను. మూడు వందల పైచిలుకు లాప్‌టాప్‌లు, దాదాపు అంతే సంఖ్యలో మానిటర్లు, రెండు రాక్‌ల సర్వర్లు, మూలన ఒక పెద్ద జిరాక్స్ మిషను. మార్చి ఆఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నారనీ, స్క్రాప్ అతను కిలోకి ఇంత అని రేటు చెప్పి లారీ పంపుతానన్నాడనీ రాశావు. ఆ లారీని ఆపు నాన్నా. ఫోన్లో చెబితే మధ్యలో నీకు పది కాల్స్ వస్తాయి, అందుకని కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ సరుకు ఎవరి చేతికి చేరుతుందో చెప్పనీ. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయిన రోజుల్లో మన షాపున్న కంప్యూటర్ మార్కెట్, చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కేవాళ్లను నువ్వు చిన్నప్పటి నుంచీ చూశావు. సూర్యాపేట నుంచో మహబూబ్‌నగర్ నుంచో తండ్రీ కూతురూ పొద్దున్నే బస్సెక్కి వస్తారు. హాస్టల్ ఫీజు కట్టగా మిగిలిన డబ్బు జేబులో ఉంటుంది. "కొత్తది మావల్ల కాదమ్మా, నాలుగేళ్లు ఆగేది చూపించండి" అంటాడాయన. అదే డబ్బు పెడితే కొత్తవాటిలో దొరికేది పల్చటి ప్లాస్టిక్ బాడీ, బోర్డుకే అతికించేసిన ర్యామ్. మీ గదిలో పడి ఉన్న లాటిట్యూడ్‌లు, థింక్‌ప్యాడ్‌లు, ఎలైట్‌బుక్‌లు ఆఫీసుల కోసం తయారైనవి. మూత మడిచే హింజ్ గట్టిగా ఉంటుంది, కీబోర్డు పోతే మార్చుకోవచ్చు, బ్యాటరీ విడిగా దొరుకుతుంది. నేనైతే ఆ పిల్లకు నిస్సంకోచంగా ఇచ్చేది వాటినే. కిలోల లెక్కన పోతే అవి ఆమె దాకా రావు. బోర్డులు విడదీసేవాళ్ల దగ్గరికి పోతాయి. ఢిల్లీ సీలంపూర్‌లో, మొరాదాబాద్‌లో ఏం జరుగుతుందో తెలిసిందే కదా, తీగలు కాల్చి రాగి తీస్తారు, బోర్డులు యాసిడ్‌లో నానబెట్టి బంగారం తీస్తారు, ఆ నీళ్లు కాలవలో కలుస్తాయి. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ వచ్చిందనీ, అందులో పద్ధతి ప్రకారం రీసైక్లింగ్‌కు చేరింది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. పనిచేసే మిషన్లు ఆ కుప్పలో కలవడం నాకు మింగుడుపడదు.

ఇక పని. మొదట ప్రాసెసర్ జెనరేషన్ (జెన్) ప్రకారం విడదియ్యి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎయిత్ జెన్ నుంచి పైవాటికే అధికారికంగా ఎక్కుతుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. అందుకే మార్కెట్లో సెవెన్త్ జెన్‌కీ ఎయిత్ జెన్‌కీ మధ్య ఇప్పుడు గోడ కట్టినట్టయింది. కాన్ఫిగరేషన్ ఒకటే అయినా ధరలో పొంతన ఉండదు. రెండూ కలిపి మిక్స్ లాట్‌గా పెడితే కొనేవాడు మొత్తానికీ సెవెన్త్ జెన్ రేటే కడతాడు. సెవెన్త్ జెన్‌వి కూడా పనికిరానివని అనుకోకు. లైనక్స్ వేసుకునేవాళ్లు, పాత పీసుల కోసం గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్‌తో ల్యాబులు నడుపుకునే చిన్న స్కూళ్లు తీసుకుంటాయి. విడిగా పెట్టు, అంతే.

ఇంకో మాట, ఆలస్యం చేసే కొద్దీ ధర కరిగిపోతుంది. ఎప్పుడో రీప్లేస్ చేసిన మిషన్లను "తర్వాత చూద్దాం" అని గదిలో పడేస్తారు. అలా పడి ఉన్నన్నాళ్లూ బ్యాటరీ చచ్చిపోతుంది, చార్జర్లు ఎవరో పట్టుకుపోతారు. చార్జర్ ఉన్న పీసుకూ లేని పీసుకూ తేడా మా షాపులో చిన్నది కాదు. ర్యామ్ సంగతి కూడా చూసుకో. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి, పాత డీడీఆర్4 స్టిక్కులకు కూడా గిరాకీ వచ్చింది. నీ జాబితాలో 16 జీబీ అని ఉన్న పీసు తలుపు దాటేసరికి 8 జీబీ అయిపోవచ్చు. అందుకే బ్యాటరీ ఉబ్బినవి తప్ప ఒక్కోదాన్నీ ఆన్ చేసి సీరియల్ నంబరు, ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, బ్యాటరీ హెల్త్, స్క్రీన్ మీద లైన్లు లేదా మచ్చలు, హింజ్, చార్జర్, అన్నీ ఒక షీటులో రాయించు. విసుగు పుట్టే పనే. కానీ షీటు లేని లాట్‌కు ఏ డీలరైనా సగం డెడ్ అనే అనుకుని కోట్ ఇస్తాడు. ఆ స్థానంలో ఉంటే నేనూ అంతే.

లాకుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడే మాలాంటివాళ్లం నష్టపోతాం, మాకంటే ఎక్కువగా పిల్లలు నష్టపోతారు. ఒకసారి మా దగ్గర కొన్న ఒకమ్మాయి విండోస్ కొత్తగా ఎక్కించుకుంది. వైఫై కలపగానే స్క్రీన్ మీద ఒక కంపెనీ లోగో, ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమని పేజీ. ఆ మిషను ఇంకా ఆ కంపెనీ ఆటోపైలట్‌లో, అంటే ఆఫీసు పీసులను కంపెనీ ఖాతాకు కట్టేసే మైక్రోసాఫ్ట్ సర్వీసులో, రిజిస్టర్ అయి ఉంది. ఫార్మాట్ కొట్టినా పోదు, అది హార్డ్‌వేర్‌ను గుర్తుపెట్టుకుని మైక్రోసాఫ్ట్ దగ్గర ఉన్న రికార్డు. కంపెనీ అడ్మిన్ తీసేస్తే తప్ప దారి లేదు. ఆ అమ్మాయి దొంగ సరుకు కొన్నానేమోనని వణికిపోయింది, వాళ్ల నాన్న నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. వేరే పీసు ఇచ్చి పంపాను. ఆ కంపెనీ వాళ్లకు ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. నువ్వు ఆ జవాబివ్వని మనిషివి కాకూడదు. ఆటోపైలట్, పీసులను దూరం నుంచి నిర్వహించే ఇన్‌ట్యూన్, రెండింట్లోంచీ తీసెయ్యి. విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులకు పెట్టిన బయాస్ పాస్‌వర్డ్ తీసెయ్యి. పోయిన లాప్‌టాప్‌ను వెతికే అబ్సల్యూట్ లాంటి ట్రాకింగ్ ఆన్‌లో ఉంటే ఆపించు. మ్యాక్‌బుక్‌లు ఉంటే, పాత యజమాని ఆపిల్ ఖాతాకు కట్టి ఉంచే యాక్టివేషన్ లాక్ పోయిందో లేదో ఒక్కోదానికీ చూడు. ఇవన్నీ మిషను నీ టేబుల్ మీద ఉన్నప్పుడు నిమిషాల పని. అమ్మేశాక నెలల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు.

డేటా విషయంలో మాత్రం నన్ను కూడా నమ్మకు. కొనేవాడే తుడిచి ఇస్తాడులే అని వదలకు. మోర్గాన్ స్టాన్లీ అంత పెద్ద బ్యాంకు తన పాత సర్వర్లు, డిస్కులు వదిలించుకునే పని సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించింది. వాళ్లకు డేటా చెరిపే అనుభవమే లేదు. అవి చేతులు మారి ఇంటర్నెట్ వేలంలోకి పోయాయి. ఓక్లహోమాలో హార్డ్‌డిస్కులు కొన్న ఒక కన్సల్టెంటు, మీ డేటా నా దగ్గర కనిపిస్తోందని తనే బ్యాంకుకు రాశాడు. దాదాపు 1.5 కోట్ల మంది ఖాతాదారుల వివరాలకు రక్షణ లేకుండా చేశారని 2022 సెప్టెంబరులో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గర కూడా 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సరైన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది.

క్విక్ ఫార్మాట్ కొడితే ఫైళ్ల జాబితా పోతుంది, ఫైళ్లు ఉంటాయి. పాత హార్డ్‌డిస్కు అయితే మొత్తం మీద ఓవర్‌రైట్ చేస్తే సరిపోతుంది. చిప్‌లలో రాసుకునే ఎస్‌ఎస్‌డీకి అది చాలదు. అరుగుదల సమంగా ఉండాలని ఎస్‌ఎస్‌డీ రాతను ఎప్పటికప్పుడు వేరే సెల్స్‌లోకి మారుస్తూ ఉంటుంది, మనకు కనిపించని అదనపు చోటు కూడా కొంత దాచుకుంటుంది. మనం పైనుంచి రాసింది ఆ మూలలకు చేరదు. డ్రైవ్‌కే ఆదేశం ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ లేదా శానిటైజ్ వాడాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 800-88 అనే మార్గదర్శకం ఇచ్చింది, డేటా తుడిచే సాఫ్ట్‌వేర్లు దాని పేరుతోనే సీరియల్ నంబరు వారీగా సర్టిఫికెట్లు ఇస్తాయి. అవి నీ ఫైల్లో ఉండాలి. అన్ని డ్రైవ్‌లకూ డ్రిల్లు పెట్టించేద్దామని మీ మేనేజరు అంటే, హెచ్‌ఆర్, అకౌంట్స్, సర్వర్ల డిస్కులకు సరేనను. మిగతావాటిని నాశనం చెయ్యడం నాకు ఇష్టం లేదు. ఒకవేళ తీసినా బ్రాకెట్లు, డ్రైవ్ కూర్చునే ట్రేలు, స్క్రూలు ఒక సంచిలో వేసి మిషనుతోనే పంపు, వాటి కోసం మేం మార్కెట్ అంతా తిరుగుతాం. ఆ జిరాక్స్ మిషనును మర్చిపోకు. పెద్దవాటిలో హార్డ్‌డిస్కు ఉంటుంది, జిరాక్స్ తీసిన కాగితాల బొమ్మలు అందులో మిగిలిపోవచ్చు.

కాగితాల పని మీ అకౌంటెంటు చూసుకుంటాడు, కానీ నీకూ తెలిసి ఉండాలి. 60,000 పెట్టి కొన్న లాప్‌టాప్‌కు కట్టిన 18 శాతం జీఎస్టీ 10,800ను మీ కంపెనీ తన పన్నులో తగ్గించుకునే క్రెడిట్‌గా తీసుకుని ఉంటుంది. ఆ క్రెడిట్‌లో నాలుగేళ్లకు 80 శాతం తగ్గి 2,160 మిగులుతుంది. 9,000కు అమ్మితే దానిపై పన్ను 1,620. రెండింట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఇది చూసుకోకుండా రేటు ఒప్పుకుంటే తర్వాత ఫైనాన్స్ వాళ్ల దగ్గర నువ్వు మాట పడతావు. మీ యూనిట్ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం (ఎస్‌టీపీఐ) కింద ఉండి, డ్యూటీ లేకుండా తెచ్చిన సరుకు ఏదైనా అందులో ఉంటే డీబాండింగ్, అంటే ఆ పథకం నుంచి సరుకును విడిపించే పని, అవ్వకుండా బయటికి కదపొద్దు.

ఎవరికి అమ్మాలన్నదీ నీ ఇష్టమొచ్చినట్టు కాదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం, ఏడాదిలో ఎప్పుడైనా వెయ్యి పరికరాలు వాడిన సంస్థ బల్క్ కన్స్యూమర్ (పెద్ద మొత్తంలో వాడేవాళ్లు) కిందికి వస్తుంది. లాప్‌టాప్, మానిటర్, ఫోను, ప్రింటరు అన్నీ కలిపితే మీరు వెయ్యి దాటే ఉంటారు. అలాంటివాళ్లు తమ ఈ-వేస్ట్‌ను రిజిస్టరైన ప్రొడ్యూసర్, పాతవి బాగుచేసే రిఫర్బిషర్, రీసైక్లర్, ఈ ముగ్గురిలో ఒకరికే ఇవ్వాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) పోర్టల్‌లో ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకున్నాకే స్క్రాప్ అతనితో మాట్లాడు. పనిచేసేవి రిఫర్బిషర్‌కు, చచ్చినవి రీసైక్లర్‌కు, విడివిడిగా. ముగ్గురు నలుగురి దగ్గర సీల్డ్ కోట్లు తీసుకో. అందరికంటే ఎక్కువ చెప్పినవాడు లోడ్ ఎక్కించుకుని, గోడౌన్‌లో టెస్ట్ చేశాక "ఇన్ని డెడ్" అని డబ్బు తగ్గించే రకమో కాదో ముందే కనుక్కో. టెస్టింగ్ మీ ఆవరణలోనే, మీ షీటు పట్టుకుని, ఇద్దరి సంతకాలతో జరగాలి. డబ్బు బ్యాంకులో పడ్డాకే గేట్ పాస్.

మన షాపుకు అమ్మకు. నాకు ఆ ఎయిత్ జెన్ లాట్ మీద మనసుంది, దాచడం ఎందుకు. కానీ కొడుకు అమ్మితే తల్లి కొన్నదని రేపు ఎవరైనా అంటే నీ ఉద్యోగానికి మచ్చ. నేను కోట్ వెయ్యను, మామయ్య పేరు మీద కూడా వేయించను. మీ బెంగళూరు ఎస్పీ రోడ్డులోనే మంచి వ్యాపారులున్నారు.

బ్యాటరీలు ఉబ్బినవి ఎన్ని ఉన్నాయో రాయలేదు. ట్రాక్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా ఉబ్బిందనే అర్థం. అలాంటిదాన్ని ఆన్ చెయ్యొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు. తెలిసిన టెక్నీషియన్‌తో తీయించి, టెర్మినళ్ల మీద టేపు వేసి, మిగతా సరుకుకు దూరంగా పెట్టించి రీసైక్లర్‌కే ఇవ్వు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ కుప్ప ఫొటోలో నాకు భయం వేసింది అందుకే, రేపే ఆ పని చూడు.

మానిటర్లకు స్టాండ్లు, పవర్ కేబుళ్లు వెతికించు. స్టాండ్ లేని మానిటర్ గోడకు తప్ప దేనికీ కాదు. కొత్త లాప్‌టాప్‌లు వచ్చిన అట్టపెట్టెలు ఇంకా ఉంటే హౌస్‌కీపింగ్ వాళ్లు పారేయకుండా చెప్పు, పాతవి వాటిలోనే సర్ది పంపితే దారిలో స్క్రీన్లు పగలవు. షీటు తయారయ్యాక నాకు ఒకసారి పంపు, రేట్లు చెప్పను గానీ ఏ గ్రేడ్ కిందికి వస్తాయో గుర్తు పెట్టి ఇస్తాను.

ఉంటాను నాన్నా.

అమ్మ