పాత మంచు బండ్లు, వాటి యజమానుల చేతిపనులు

ప్రియమైన ప్రసాదుకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడి పాత మంచు బండ్లకు, అంటే చక్రాల చుట్టూ తిరిగే పట్టీల (ట్రాకుల) మీద మంచులో నడిచే స్నోక్యాట్‌లకు, యజమానులు ఎలాంటి మార్పులు చేయించుకుంటారో వివరంగా రాయమన్నావు. ఆటోనగర్‌లో లారీల మధ్యనే పెరిగినవాడివి కనుక, పైపై సోకుల కంటే లోపలి సంగతులే నీకు రుచిస్తాయని అటునుంచే మొదలుపెడుతున్నాను.

మా యూటా రాష్ట్రంలోని లోగన్ పట్టణంలో థయోకాల్ అనే కంపెనీ ఒకప్పుడు ఇంప్, స్ప్రైట్ అనే పేర్లతో ఈ బండ్లను తయారుచేసేది. స్పేస్ షటిల్‌కు ఘన ఇంధన బూస్టర్లు కట్టిన థయోకాల్ అదే! 1978లో మంచు బండ్ల విభాగాన్ని కార్ల తయారీదారు జాన్ డెలోరియన్ కొన్నాడు. తర్వాత చేతులూ పేర్లూ మారి, ఆ కర్మాగారం చివరకు 2000లో మూతపడింది. అందువల్ల పాత బండి కొన్నవాడు ఎంత ధనవంతుడైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు తానే పానా పట్టక తప్పదు.

నా మిత్రుడొకరికి స్ప్రైట్ ఉంది. దానికి స్టీరింగు చక్రం లేదు, రెండు లీవర్లున్నాయి. ఎడమ లీవరు లాగితే డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు ట్రాకులకూ పంచే పళ్ల చక్రాల పెట్టె) లోపల బ్రేకులా పట్టే ఒక బ్యాండు బిగుసుకుని ఎడమ ట్రాకు నెమ్మదిస్తుంది, పళ్ల చక్రాల అమరిక వల్ల కుడి ట్రాకు ఆ మేరకు వేగం పుంజుకుంటుంది, అయినా రెండింటిలో దేనికీ ఇంజను శక్తి తెగిపోదు. మెత్తటి మంచులో, ఎగువ వాలులో మలుపు తిప్పేటప్పుడు బండి చతికిలబడకపోవడానికి కారణం ఇదే. ఈ ఓసీ-12 డిఫరెన్షియల్ ఆలివర్ క్రాలర్ ట్రాక్టర్ల వంశానిది, అంటే పొలం నుంచి మంచులోకి వచ్చిందన్నమాట.

చిక్కంతా వేడితోనే. మలుపు తిప్పిన ప్రతిసారీ బ్యాండ్లు డ్రమ్ముల మీద ఒరుసుకుంటాయి, ఆ వేడిని చుట్టూ ఉన్న ఆయిలే మింగాలి. అడుగు పలక విప్పి ఆయిలు దించుతుండగా దగ్గర నిలబడి చూశాను: నల్లగా, మాడు వాసనతో, బ్యాండ్లకు లోపలివైపు ఒరుసుకునేందుకు వేసే లైనింగు నుంచి రాలిన సన్నటి పీచుతో కూడి కారింది. నా మిత్రుడు బయట ఒక చిన్న విద్యుత్ పంపు, ఫిల్టరు, ఫ్యాను తగిలించిన రేడియేటరు అమర్చి, ఆయిలు వేడి తెలిసేలా డ్రైవరు ముందు ఒక మీటరు పెట్టాడు. ఫిల్టరు పంపుకు ముందుండాలా, వెనకుండాలా అన్న దానిపై మేమిద్దరం ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం, ఆ తీర్పు నీకే వదిలేస్తున్నాను. ఏ యజమాని అయినా మొదట చేయించవలసిన మార్పు ఇదేనని నా గట్టి అభిప్రాయం.

కానీ చాలామంది ఇంజనుతో మొదలుపెడతారు. ఫోర్డు ఆరు సిలిండర్ల ఇంజను తీసేసి, వీ-8నో బరువైన డీజిలు ఇంజనునో దించుతారు. బ్యాండ్లు, యాక్సిళ్లు, ట్రాకు పట్టీలు మాత్రం పాతవే. అదనపు శక్తికి ముందుగా తెగేవి అవే. పైగా మంచు మీద తేలడానికి కావలసింది నేలపై ఒత్తిడి తక్కువగా ఉండడం, మన దమ్ము చేలో ట్రాక్టరుకు కేజ్ వీల్స్ తగిలించినట్టు. ముక్కు మీద బరువు పెంచి, ఆపైన బండి ముందుకు కూరుకుపోతోందని వాపోతే ఎవరేం చేయగలరు? పాత ఇంజనుకే ఎలక్ట్రానిక్ ఇగ్నిషను, ఫ్యూయల్ ఇంజెక్షను పెట్టించడం తెలివైన పని. కింద ఊళ్లో ట్యూన్ చేసిన కార్బురేటరు 3,000 మీటర్ల ఎత్తున పలుచటి గాలికి పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఇంజెక్షను ఆ లెక్కను తానే సరిచూసుకుంటుంది.

ట్రాకుల లోపల దొర్లే చక్రాలకు గాలి టైర్లుంటాయి. పంక్చరు బెడద లేకుండా కొందరు వాటిలో ఫోమ్ నింపిస్తారు. బరువు పెరిగినా, చీకటి పడ్డాక కొండ మీద టైరు మార్చే అవస్థ తప్పుతుంది కనుక దానికి నేను అడ్డు చెప్పను.

ఓరెగన్‌లోని మెడ్‌ఫోర్డులో తయారైన టక్కర్ స్నో-క్యాట్‌ల సంగతి వేరు. బ్రిటిష్ అన్వేషకుడు వివియన్ ఫుక్స్ బృందం 1957 నవంబరు 24 నుంచి 1958 మార్చి 2 వరకు 99 రోజుల్లో అంటార్కిటికాను దాటింది ప్రధానంగా ఆ నాలుగు ట్రాకుల బండ్లతోనే. వాటి ఇనప ట్రాకులు తీసేసి రబ్బరువి వేస్తే ప్రయాణం సుఖంగా, చప్పుడు లేకుండా సాగుతుందన్నది నిజమే, కానీ సేకరించేవాళ్లు ఆ మాటంటేనే మొహం చిట్లిస్తారు. పాత ట్రాకులు గోదాములో భద్రంగా ఉంచి, ఫ్రేములో కొత్త రంధ్రం వేయకుండా మార్చగలిగితే నాకు అభ్యంతరం లేదు. కెనడాలో జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియర్ తయారుచేసిన బీ-12 అనే మంచు బండిలో మాత్రం పైకప్పు కిటికీ జోలికి ఎవరూ పోకూడదు. గడ్డకట్టిన చెరువు మీద మంచు పగిలితే బయటపడే దారి అదే కదా. చలిగాలి వస్తోందని దాన్ని మూసేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇప్పుడు నీతో ఒక పని పడింది. స్ప్రైట్ బ్యాండ్లకు కొత్త లైనింగు వేయించాలి. మీ వీధిలో ఆయిలులో మునిగి పనిచేసే బ్యాండ్లకు రివిట్లు కొడుతున్నారా, జిగురుతో అతికిస్తున్నారా? అతికించినది వేడి ఆయిలులో ఎంతకాలం నిలుస్తోందో, ఏ మందం వేస్తున్నారో కనుక్కుని రాయి. మా వాడు వేసవి లోపల డిఫరెన్షియల్ విప్పుతానంటున్నాడు.

ఇట్లు,
నీ రామం