గాలిమార్ చూడదలచుకున్న స్త్రీ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో 'ఎం. బటర్‌ఫ్లై' చిత్రంపై వచ్చిన వ్యాసం చదివాను. డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 1993లో తీసిన ఆ సినిమాను, ఆడవేషం కట్టిన సాంగ్ లిలింగ్ అనే గూఢచారి, గాలిమార్ అనే ఒక అమాయక ఫ్రెంచి ఉద్యోగిని బుట్టలో వేసుకున్న కథగా చెప్పి, ఆ మోసం అన్నేళ్లు సాగడానికి 'ఆసియా స్త్రీలకు సహజమైన సిగ్గు' కారణమని వ్యాసకర్త రాశారు. ఆ మాట దగ్గర మనసు చివుక్కుమంది. సినిమా వేలెత్తి చూపిన భ్రమ సరిగ్గా అదే.

1964 నాటి బీజింగ్‌లో, ఒక విందులో సాంగ్ లిలింగ్ ఇటలీ స్వరకర్త పుచ్చీని 'మదామా బటర్‌ఫ్లై' సంగీత నాటకంలోని పాట పాడుతుండగా గాలిమార్ మొదటిసారి చూస్తాడు. తెల్లవాడి కోసం ప్రాణం తీసుకునే జపాను అమ్మాయి కథ ఎంత అందమైనదో అని అతడు పరవశిస్తే, అది మీ పాశ్చాత్యులకే అందంగా కనిపిస్తుందని, అదే ఒక అమెరికా సుందరి జపాను వ్యాపారి కోసం చనిపోతే పిచ్చిదంటారని సాంగ్ అక్కడికక్కడే తిప్పికొడుతుంది. అంత విడమరచి చెప్పినా అతడికి చెవికెక్కింది పాట ఒక్కటే. తరువాత సాంగ్ దుస్తులు తీయనన్నప్పుడల్లా తాను ముందే ఊహించుకున్న తూర్పు దేశపు అణకువనే అందులో చూసుకున్నాడు.

చైనా వారి సంప్రదాయ సంగీత నాటకమైన పెకింగ్ ఒపేరాలో స్త్రీ పాత్రలను పురుషులు ధరించే సంప్రదాయం ఉంది. చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ ప్రపంచ ఖ్యాతి గడించింది ఆ పాత్రలతోనే. చైనాలో ఉద్యోగం చేస్తూ కూడా గాలిమార్ ఈ సంగతి తెలుసుకోలేదు. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసిన రాత్రి గురించి మా తాతగారు ఎన్నోసార్లు చెప్పేవారు: కుచ్చిళ్లు సవరించుకుంటూ ఆయన రంగం మీదికి వస్తుంటే, మగవాడని తెలిసి కూడా జనమంతా ఊపిరి బిగబట్టి చూశారట. అలాంటి ప్రేక్షకుల మనుమలం, వేషాన్నే మోసమని ఎలా అనుకోగలం?

'అమాయకుడు' అన్న మాటా నాకు సమ్మతం కాదు. ఈ కథకు మూలమైన నిజమైన కేసులో, 1986లో పారిస్ న్యాయస్థానం గూఢచర్య నేరం కింద ఇద్దరికీ ఆరేళ్ల చొప్పున జైలుశిక్ష విధించింది. సినిమాలోనైతే పోలీసు వ్యానులో సాంగ్ దుస్తులన్నీ విప్పి ఎదుట నిలిచినప్పుడు గాలిమార్ ముఖం తిప్పుకుంటాడు. నిజం కళ్లెదుట ఉన్నా అతడికి ఆ ఊహాసుందరే కావాలి. చివరికి జైల్లో తన ముఖానికే తెల్లరంగు పూసుకుని, పెదవులకు ఎరుపు దిద్దుకుని, తానే ఆ బటర్‌ఫ్లైగా మారి ప్రాణం తీసుకుంటాడు.

ఆసియా స్త్రీల సిగ్గు గురించిన ఆ వాక్యాన్ని రాబోయే సంచికలో సవరించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, బాపట్ల