ఆక్వేరియం షాపులో కలిసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

మా పెరట్లోని తామర కొలనులో వారంపాటు రోజూ తెల్లారేసరికి ఒకటో రెండో చేపలు చచ్చి తేలేవి. పాప ఏడుపు చూడలేక, మందు కొందామని షాపుకొచ్చాను. "తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా బాబూ?" అని అడిగారు మీరు. మర్నాడు నాలుగున్నరకి టార్చి వేసి చూస్తే నిజంగానే అన్నీ నీటి పైనే గుటకలేస్తున్నాయి. పచ్చగా పెరిగిన నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే లాగేసుకుంటుంది, ఇది రోగం కాదు, మందు వేయొద్దన్నారు. భీమవరం వైపు చేపల చెరువుల్లో రాత్రిళ్లు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పేదీ అందుకేనన్నారు. కుళ్లిన ఆకులు తీసేశాను, మేత తగ్గించాను, రాత్రంతా ఎయిర్ పంపు ఆడిస్తున్నాను. ఆరు రోజులైంది, ఒక్క చేపా పోలేదు. ఆ టెన్షన్‌లో మీ పేరైనా అడగలేదండి. మీకు వేల దండాలు.