కర్రసాముకు హెల్మెట్ తప్పనిసరి చేయాలి

పండగ ఊరేగింపుల్లో కర్రసాము పేరుతో కుర్రాళ్లు ధైర్యం చూపించుకోవడానికి తలలు పగలగొట్టుకుంటున్నారు. దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టు కర్రల సమరంలో ఏటా ఎంతమంది ఆస్పత్రి పాలవుతున్నారో చూస్తూనే ఉన్నాం. మా ఒంగోలు పక్క పల్లెలో ఒక కుర్రాడు కనుబొమ చిట్లి రక్తం కారుతున్నా తువ్వాలు చుట్టుకుని మళ్లీ బరిలోకి దిగాడు. 'భయపడ్డావా?' అంటూ చుట్టూ ఉన్నవాళ్లే ఎగదోశారు. అది ధైర్యమంటే నేనొప్పుకోను, నలుగురిలో పరువు పోతుందన్న భయమే. సాము తెలిసిన గురువులు ముందు అడుగులు వేయడం, దెబ్బ కాచుకోవడం నేర్పుతారు. అలాంటి పెద్దలు దగ్గరుండి ఆడించాలి. తాగి వచ్చినవాళ్లను కర్ర పట్టనివ్వకూడదు. తలకు హెల్మెట్, ముంజేతులకు ప్యాడ్లు ఉంటేనే పోలీసులు అనుమతివ్వాలి, పక్కనే 108 వాహనం నిలపాలి.

– ఒక పాఠకుడు, ఒంగోలు