వందో మైలు దాటాకే బండి సంగతి

నోవై, మిషిగన్
ఫిబ్రవరి 18, రాత్రి

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూసి మూడు రోజులైంది. "మినియాపొలిస్‌కి మారుతున్నా, స్నోమొబైల్ కొందామనుకుంటున్నా, ఏది కొనాలో చెప్పు" అన్నావు, మంచు మీద నడిచే మోటారు బండి సంగతి. ఇది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదురా. అదీగాక నీ మెసేజ్ వచ్చేసరికి నేను మిషిగన్ ఉత్తరపు కొసన ఉన్న హోటన్‌లో మంచు మధ్య ఉన్నా. నిన్న రాత్రి ఇంటికి చేరాం. భుజాలు లాగేస్తున్నాయి, కుడిచేతి బొటనవేలు ఇంకా తిమ్మిరిగానే ఉంది. ఈ బండికి యాక్సిలరేటర్ బొటనవేలితోనే నొక్కాలి, అదీ రోజంతా. అయినా అన్నీ గుర్తుండగానే రాసేద్దామని కూర్చున్నా. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

వెళ్లింది ముగ్గురం, అక్కడ కలిసింది ఒకాయన. నేను, మా ఆఫీసులో నల్గొండ అబ్బాయి, కాకినాడ తమ్ముడు. హాన్‌కాక్‌లో ఉండే పెద్దాయన నాలుగో మనిషి. ఆయన తాతలు ఫిన్లాండ్ నుంచి రాగి గనుల్లో పనికి వచ్చినవాళ్లు. నలభై ఏళ్లుగా స్లెడ్లు రిపేరు చేశాడు. అక్కడ అందరూ వీటిని స్లెడ్ అనే అంటారు, మేం మాత్రం మన అలవాటు కొద్దీ బండి అంటాం.

ట్రైలర్ మీద మూడు బండ్లు కట్టుకుని తెల్లవారుజామున బయల్దేరి, మ్యాకినా వంతెన దాటి, పైన హోటన్ చేరేసరికి చీకటి పడింది. ఇంత దూరం ఎందుకంటావా? మంచు కోసమే. సుపీరియర్ సరస్సు చలికాలంలో కూడా పూర్తిగా గడ్డకట్టడం అరుదు. కెనడా వైపు నుంచి వచ్చే పొడి చలిగాలి ఆ నీళ్ల మీదుగా వస్తూ తేమ పట్టుకుని, కీవినా ద్వీపకల్పం కొండలకి తగలగానే మొత్తం మంచుగా దించేస్తుంది. 41వ నంబరు రోడ్డు పక్కన పెద్ద థర్మామీటర్ లాంటి బోర్డు ఒకటి ఉంది. 1978-79 చలికాలంలో 390.4 అంగుళాల మంచు పడిందని దాని మీద గుర్తు పెట్టారు. అంటే ముప్ఫై రెండు అడుగుల పైమాట. బోర్డు కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది.

ఇక అసలు విషయం. శ్రీశైలం ట్రిప్పులు గుర్తున్నాయా? మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగి బండ్లు మార్చుకునేవాళ్లం. నీ బండి నాకు, నా బండి నీకు, ఘాట్ దిగాక ఎవరిది ఎలా ఉందో వాదన. ఈసారి మేం చేసిందీ అదే. ఒకే దారిలో ఇరవై మైళ్లకోసారి ఆగడం, బండ్లు మార్చుకోవడం, ఏం అనిపించిందో పెద్దాయన జేబులోని చిన్న పుస్తకంలో రాయడం. పక్కవాడు ఏం రాశాడో సాయంత్రం దాకా చూడకూడదని ఆయన గట్టిగా చెప్పాడు. చూస్తే మన నోట కూడా అదే మాట వస్తుందట.

బండ్లు ఇవి. నాది 600 సీసీ టూస్ట్రోక్, కింద తిరిగే రబ్బరు బెల్టు లాంటి ట్రాక్ పొడవు 129 అంగుళాలు. నల్గొండోడిది 850 టూస్ట్రోక్, 137 అంగుళాల ట్రాక్. కాకినాడ తమ్ముడిది 900 ఫోర్‌స్ట్రోక్, అదీ 137. పెద్దాయనది పదేళ్ల కిందటి 600, చూడ్డానికి గీతలు పడి ఉంటుంది. కంపెనీల పేర్లు రాయట్లేదు, పేరు చెబితే నువ్వు పేరు చూసే కొంటావు.

మొదటి రోజు మూడో నంబరు ట్రైల్ (స్నోమొబైళ్లు నడిచే మంచు దారి) మీద కాపర్ హార్బర్ వెళ్లాం. హోటన్, హాన్‌కాక్ మధ్య ఒక లిఫ్ట్ వంతెన ఉందిరా. చలికాలంలో పడవలు తిరగవు కాబట్టి లేపే భాగాన్ని మధ్య ఎత్తులో ఉంచేస్తారు. పై అంతస్తులో కార్లు, కింది అంతస్తులో స్నోమొబైళ్లు. మా తల మీద లారీలు గడగడమంటూ పోతుంటే మేం కింద నుంచి దాటాం. అది చూడ్డానికైనా నువ్వు ఒకసారి రావాలి.

పొద్దున ట్రైల్ బల్లపరుపుగా ఉంటుంది. గ్రూమర్ అని ట్రాక్టర్ లాంటి పెద్ద యంత్రం రాత్రంతా తిరిగి, గుంటలు చెక్కి, మంచుని నొక్కి వదులుతుంది. చలికి అది తెల్లారేసరికి గట్టిపడుతుంది. ఆ దారి మీద 850 ఎక్కితే... ఏం చెప్పను రా! బొటనవేలు కొంచెం కదిపితే చాలు, చెట్లన్నీ వెనక్కి పరిగెత్తాయి. క్యాల్యుమెట్ వచ్చేసరికే నా పేజీలో "ఇదే కొనాలి" అని రాసేశా. కాకినాడ తమ్ముడు మాత్రం అదే బండి గురించి "నడుం విరుగుతోంది, చెక్కబల్ల మీద కూర్చున్నట్టుంది" అని రాశాడు. ఒకే బండి, ఒకే దారి, ఇంత తేడా ఎందుకో నాకు అర్థం కాలేదు.

కాపర్ హార్బర్‌లో ఆగినప్పుడు పెద్దాయన చూపించాడు. 41వ నంబరు రోడ్డు అక్కడే మొదలై ఫ్లోరిడాలో మయామి దాకా పోతుంది. ఆ బోర్డు దగ్గర మేం ఫొటోలు దిగుతుంటే ఆయన మంచులో మోకాళ్ల మీద కూర్చుని 850 వెనక సస్పెన్షన్ చూస్తున్నాడు. నల్గొండోడు వంద కిలోలు ఉంటాడు. స్ప్రింగు బిగువు తనకి సరిపడా పెట్టుకున్నాడు. తమ్ముడు అరవై కిలోలు. వాడు కూర్చుంటే స్ప్రింగు దిగడమే లేదు, ఇంక దెబ్బ ఎలా ఆపుతుంది? పక్కన నాలుగు మెట్లున్న చిన్న చక్రం లాంటిది ఉంటుంది, టూల్‌కిట్‌లోని పానాతో దాన్ని ఒక మెట్టు కిందికి తిప్పాడు, రెండోవైపు కూడా అంతే. రెండు నిమిషాల పని. తిరుగు ప్రయాణంలో తమ్ముడు అదే బండి నడిపి, దిగగానే "ఇది వేరే బండి" అన్నాడు. పొద్దున రాసినవన్నీ పెద్దాయన అడ్డంగా కొట్టేశాడు. కాబట్టి మామా, షోరూం వాడో స్నేహితుడో ఇచ్చిన బండిని అలాగే ఎక్కి, బాలేదనో బాగుందనో అనుకోకు. ముందు నీ బరువుకి సర్దించుకో, తర్వాత మాట్లాడు.

మధ్యాహ్నం తిండి సంగతి కూడా చెప్పాలి. ఆ ఊళ్లలో పాస్టీ అని దొరుకుతుంది. మన కర్రీపఫ్‌కి పెద్దన్న లాంటిది, లోపల మాంసం, బంగాళాదుంప. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్లు తెచ్చిన వంట. నల్గొండోడి బండిలో సైలెన్సర్ మీద బిగించే రేకు డబ్బా ఉంది, అందులో మా చపాతీ రోల్స్ ఫాయిల్‌లో చుట్టి పెట్టాం. నలభై మైళ్ల తర్వాత మూత తీస్తే పొగలు కక్కుతూ ఆవకాయ వాసన! పెద్దాయన రెండు తిని, డబ్బాకి ఇన్నేళ్లకి సరైన పని దొరికిందన్నాడు.

రెండో రోజే అసలు పరీక్ష. దక్షిణంగా బిల్ నికల్స్ ట్రైల్ మీద ట్విన్ లేక్స్, మాస్ సిటీ దాటి గోగీబిక్ సరస్సు దాకా వెళ్లి రావడం. పాత రైలు పట్టాలు తీసేసి చేసిన దారి అది. పొద్దున మైనస్ 11 ఫారన్‌హీట్. ఇలాంటి చలిలో బండి స్టార్ట్ చేశాక కాసేపు వదిలేయాలి, తర్వాత రెండు మైళ్లు మెల్లగా పోవాలి. ఇంజన్ కోసమే కాదు, డ్రైవ్ బెల్టు కోసం కూడా. దీనికి గేర్లు లేవు, స్కూటీలాగా రెండు క్లచ్చుల మధ్య బెల్టు తిరుగుతుంది. చలికి అది కట్టెలా బిగుసుకుపోయి ఉంటుంది. నేను 850 మీద ఉన్నా, ముందు రోజు మత్తు ఇంకా దిగలేదు. ఊరు దాటగానే బొటనవేలు పూర్తిగా నొక్కేశా.

నాలుగో మైలు దగ్గర ఠప్పుమని శబ్దం. తుపాకీ పేలినట్టే. ఇంజన్ అరుస్తోంది కానీ బండి ముందుకు పోవట్లేదు. పక్క ప్యానెల్ తీస్తే కాలిన రబ్బరు కంపు, క్లచ్చు చుట్టూ దారాలు కొబ్బరి పీచులా చుట్టుకుని ఉన్నాయి. చేతి తొడుగులు తీసి ఒక్కో పోగు లాగాలి. ముప్ఫై సెకన్లకే వేళ్లు పని చేయవు, చంకలో పెట్టుకుని వేడి చేసుకోవడం, మళ్లీ లాగడం. ఒక్క దారం మిగిలినా కొత్త బెల్టు కూడా పోతుందని పెద్దాయన టార్చి వేసి మరీ వెతికించాడు. వెనక క్లచ్చుని టూల్‌తో విడదీసి, బెల్టు మీద అక్షరాలు మనం చదివేలా ఉన్నాయో లేదో చూసి ఎక్కించాం. తప్పు పూర్తిగా నాదే. నల్గొండోడు ఒక్క మాట కూడా అనలేదురా. తన స్పేర్ బెల్టు తీసి ఇచ్చి, "మొదటి ముప్ఫై మైళ్లు మెల్లగా పో అన్నా, కొత్తది కదా" అన్నాడు అంతే. అదే నాకు బాగా గుచ్చుకుంది.

అలా మెల్లగా పోవడం వల్లే ఫైర్‌స్టీల్ నది వంతెనలు సరిగ్గా చూశా. పాత రైలు వంతెనలు, ఒకదాని తర్వాత ఒకటి మూడు. మధ్య వంతెన దాటాక ఇంజన్లు ఆపేశాం. హెల్మెట్ తీస్తే చెవుల్లో గుయ్యిమని, తర్వాత ఏమీ లేదు. లోయలో హెమ్లాక్ చెట్ల మీద నుంచి మంచు జారి పడే మెత్తటి చప్పుడు తప్ప. ఎవ్వరం మాట్లాడలేదు. నువ్వు గుర్తొచ్చావు.

మధ్యాహ్నం మూడు దాటాక ట్రైల్ మారిపోతుంది. రోజంతా వందల బండ్లు నడిచి, దారంతా వరసగా గుంటలు పడతాయి, మన పల్లె రోడ్ల మీద వానాకాలం తర్వాత పడ్డట్టే. మీటరు వంద దాటింది. అప్పుడు నా 600 సంగతి నాకే తెలిసింది. పొద్దున మలుపుల్లో చేప పిల్లలా తిరిగిన బండి, ట్రాక్ పొట్టిది కావడంతో ఇప్పుడు ప్రతి గుంటలోనూ దిగి ఎక్కుతోంది. 137 అంగుళాలవి ఒక గుంట మీద నుంచి ఇంకో దాని మీదికి వంతెన వేసినట్టు పోతున్నాయి. ఎనిమిది అంగుళాలేగా అనిపిస్తుంది. వందో మైలు దాటాక నడుముని అడగాలి దాని విలువ.

ఫోర్‌స్ట్రోక్ గురించి నాకు పొద్దున మంచి అభిప్రాయం లేదు. ముందు భాగం బరువు, మలుపులో ముందుండే స్కీలు (చక్రాల బదులు ఉండే పలకలు) తిరిగినా బండి తిన్నగా పోతానంటుంది. కానీ సాయంత్రానికి మా నలుగురి పేజీల్లోనూ దానికే మంచి మాటలు. శబ్దం లేదు, ఆయిల్ పొగ లేదు, యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది, బ్రేకు మీద అంత చెయ్యి పడదు. పెట్రోలు లెక్క కూడా వేశాం. నా 600 గాలన్‌కి 13 మైళ్లు, 850కి 11, ఫోర్‌స్ట్రోక్‌కి 19. అడవిలో బంకుకి బంకుకి మధ్య దూరం ఎక్కువ ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఆ రోజు మొత్తం 168 మైళ్లు. ఆఖరి ఇరవై చీకట్లో. ఎదురొచ్చే గుంపుల్లో ముందున్నవాడు ఎడమచేయి ఎత్తి, తన వెనక ఎందరున్నారో వేళ్లతో చూపిస్తాడు, ఆఖరివాడు పిడికిలి చూపిస్తాడు. హెడ్‌లైట్ల వెలుతురులో ఆ పిడికిలి కనిపిస్తే మనసుకి నిమ్మళంగా ఉంటుంది, వాళ్ల మనుషులు అందరూ ఉన్నారన్నమాట.

రాత్రి పెద్దాయన ఇంట్లో కూర్చుంటే ఈ బండ్ల మీద దూరాలు వెళ్లినవాళ్ల కథలు వచ్చాయి. నీకు దగ్గరి కథే ఒకటి. మిన్నెసోటాలో రోసో అని చిన్న ఊరు, స్నోమొబైళ్లు చేసే పొలారిస్ కంపెనీ అక్కడే పుట్టింది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన ఎడ్గర్ హెటీన్ 1960లో అలాస్కాలో బెతెల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా వెయ్యి మైళ్ల పైన ఈ బండ్ల మీదే వెళ్లాడు, కొందరు తోడుగా. అప్పటి బండ్లకి ఇప్పటి సస్పెన్షన్ ఎక్కడిది! తర్వాత అదే మనిషి థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఆర్కిటిక్ క్యాట్ అనే ఇంకో స్నోమొబైల్ కంపెనీకి కూడా పునాది వేశాడు. ఇంకా వెనక్కి వెళ్తే క్విబెక్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బాంబార్డియే. 1934 చలికాలంలో రెండేళ్ల కొడుకుని మంచులో ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. తర్వాత మంచు మీద నడిచే బండ్లు తయారుచేశాడు, 1959లో స్కీడూ అనే స్నోమొబైల్ తెచ్చాడు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు కదా, ఆ రాత్రి అది విన్నాక నిద్ర పట్టడానికి చాలాసేపైంది.

నీకు చెప్పేది ఇదీ. మొదటి ఏడాది కొత్తది వద్దు, 850 అసలే వద్దు. వాడిన ఫోర్‌స్ట్రోక్ గానీ, లేదా 600 గానీ, 137 ట్రాక్‌తో చూడు. కొనేముందు క్లచ్చు ప్యానెల్ తీసి బెల్టు చూడు, కింద పట్టాల మీద ప్లాస్టిక్ పట్టీలు ఎంత అరిగాయో చూడు. మంచు తగలకుండా గట్టి దారి మీద నడిపితే అవి కరుగుతాయి. మంచుని గీరి ఎగజిమ్మే స్క్రాచర్లు ఉంటే మంచిది, రేడియేటర్‌కి కూడా ఆ మంచే చల్లదనం. మిన్నెసోటాలో 22,000 మైళ్ల ట్రైళ్లు ఉన్నాయి, నీకు కరువు లేదు. అక్కడ 1976 తర్వాత పుట్టినవాళ్లకి సేఫ్టీ సర్టిఫికెట్ తప్పనిసరి, ఇప్పుడే క్లాసు చేసెయ్. కాటన్ బట్టలు లోపల వేసుకోకు, చెమట పట్టి గడ్డకడతాయి. ఇంకోటి, వేరేవాళ్ల జాడలు కనబడ్డాయని సరస్సుల మీదికి వెళ్లకు. ఆ జాడ నిన్నటిదో మొన్నటిదో, మంచు ఇవాళ్టిది. ఈ ఒక్కదాంట్లో నా మాట విను.

వచ్చే జనవరి మూడో వారం పెద్దాయన ఇంట్లో గది చెప్పేశా, మూడు మంచాలు కాదు, నాలుగు. నీ హెల్మెట్ సైజు పంపు, గాజుకి కరెంటు వేడి ఉండేది ఇక్కడ సీజన్ అయిపోగానే తక్కువకి వస్తుంది, తీసి ఉంచుతా. చెల్లెమ్మని అడిగానని చెప్పు, బుడ్డోడికి ముద్దులు. నల్గొండోడికి కొత్త బెల్టు రెండు కొని రేపు ఆఫీసుకి పట్టుకెళ్తున్నా.

ఇట్లు,
నీ 204 రూమ్మేట్